లాటినో ఇళ్లలో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల్లో, తినమని బలవంతం చేస్తారు, మళ్లీ లావయ్యావంటారు. ఎందుకలా?

రెండూ ప్రేమతోనే అంటారు, అందుకే ఎదురు చెప్పడం అంత కష్టం. అమెరికాలో స్థిరపడ్డ మెక్సికన్ ఇళ్లలో క్రిస్మస్‌కి ఆడవాళ్లంతా కూర్చుని, నానబెట్టిన మొక్కజొన్న కండె పైఆకుల మీద పిండి రాసి, మాంసం పెట్టి తమాలెస్ చుడతారు. అమ్మమ్మ వడ్డించింది వద్దంటే ఆవిడనే వద్దన్నట్టు లెక్క. కాసేపటికి ఆవిడే అందరి ముందూ "కాస్త ఒళ్లు చేశావే" అనేస్తుంది.

అమ్మాయికి 15 ఏళ్లు నిండినప్పుడు చేసే కిన్సెన్యేరా వేడుక దగ్గర టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నేలను తాకే పెద్ద గౌను, తండ్రి వచ్చి మామూలు చెప్పులు తీసి హీల్స్ తొడగడం, ఆయనతో వాల్ట్స్ డాన్సు, ఫొటోలు, ఇవన్నీ చుట్టాలందరి కళ్లముందే. కొన్ని ఇళ్లలో నడుం సన్నగా కనపడాలని లోపల ఫాహా బిగిస్తారు, అది ఊపిరి ఆడనివ్వని లోదుస్తు.

పైగా కొలతలు రెండు. బయట మొత్తం సన్నగా ఉంటేనే అందం, ఇంట్లో నడుం మాత్రం సన్నగా, తుంటి నిండుగా ఉండాలి. ఒకే ఒంటితో ఆ పిల్ల ఎవరిని మెప్పించాలి? అన్ని ఇళ్లూ ఒకేలా ఉండవు లెండి, కరీబియన్ దేశమైన డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుటుంబాల్లోనైతే ఉంగరాల జుట్టును సెలూన్‌లో సాఫు చేయించుకోమనే ఒత్తిడి కూడా తోడవుతుంది.