నగోయాకు వెళుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నగోయా దగ్గర కార్ల విడిభాగాల కర్మాగారంలో నీకు ఉద్యోగం వచ్చిందని అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఆ ప్రాంతంలో కొన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

వెళ్ళిన మొదటి ఆదివారమే నగోయాలోని టయోటా పరిశ్రమల మ్యూజియానికి వెళ్ళు. కార్ల విభాగానికి పరుగెత్తకుండా ముందు మగ్గాల దగ్గర ఆగు. సకిచి టయోడా 1924లో పూర్తిచేసిన జి రకం మగ్గం అక్కడ ఉంది. పడుగులో ప్రతి దారానికీ ఒక సన్నని లోహపు రేకు వేలాడుతూ ఉంటుంది. ఏ ఒక్క దారం తెగినా దాని రేకు కిందికి జారి మగ్గాన్ని ఆపేస్తుంది. చీరాలలో మీ తాతయ్య పడుగు మీద చూపు నిలిపి, దారం తెగగానే నేత ఆపి అతుకు వేసుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ చూపును యంత్రానికే అమర్చడంతో ఒక్క మనిషే ఎన్నో మగ్గాలను చూసుకోగలిగాడు. దీన్నే వాళ్ళు జిదోకా అంటారు. జపాను వాళ్ళ పనితనమంటే వేగమేనని ఇక్కడ చాలామంది అనుకుంటారు కానీ, తప్పు కనబడగానే ఆగడమే దాని మూలమని నా నమ్మకం.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. చేరిన రెండో వారంలో ఒక బోల్టు సరిగ్గా కూర్చోలేదు. తప్పు కనబడితే లైను ఆపడానికి లాగాల్సిన అందోన్ తాడు పక్కనే వేలాడుతున్నా, లైను ఆగితే నాకు చేతకాదనుకుంటారన్న భయంతో నేనే సర్దబోయాను. ఈలోగా అలాంటివే మరో మూడు దాటిపోయాయి. మా బృందనాయకుడు కోప్పడలేదు. తాడు ఎందుకు లాగలేదని మాత్రం అడిగి, ఆ బోల్టు అలా ఎందుకు వచ్చిందో వెతకడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. అరిగిపోయిన ఒక బిగింపు పరికరం దొరికేదాకా ‘ఎందుకు’ అని అడుగుతూనే ఉన్నాడు. నువ్వు మాత్రం మొదటి రోజు నుంచే తాడు లాగు.

టయోటా ఉత్పత్తి విధానాన్ని తీర్చిదిద్దిన తాయిచి ఓనో, నేల మీద సుద్దతో వలయం గీసి, కొత్త ఇంజనీర్లను అందులో గంటల తరబడి నిలబెట్టి పని చూడమనేవాడట. నువ్వూ ఒకచోట నిలబడి చూడు. చెయ్యి ఎక్కడ ఊరికే చాస్తున్నారో, సరుకు ఎక్కడ గుట్టపడుతోందో, మనిషి దేనికోసం ఎదురుచూస్తున్నాడో అరగంటలో కనబడుతుంది. వాళ్ళు ముదా అనేది ఈ వృథానే. పరిష్కారం ఆలోచించే తొందర వద్దు.

టోక్యో స్టేషన్‌లో బుల్లెట్ రైలు షింకాన్సెన్‌ను శుభ్రం చేసేవాళ్ళనూ ఒకసారి చూడు. బండి ఆగి ఉండే పన్నెండు నిమిషాల్లో ఎక్కి దిగడాలు పోగా వాళ్ళకు మిగిలేది ఏడే. అంతలోనే చెత్త తీసి, సీట్లు తిప్పి, బల్లలు తుడుస్తారు. ఎవరి చేతుల్లోనూ కంగారు ఉండదు, ఎందుకంటే ఏ పని తర్వాత ఏదో ముందే స్థిరపడి ఉంటుంది.

అయితే అక్కడిదంతా ఆదర్శమని అనుకోకు. ఒక చిన్న అనుమతి కాగితం మీద నలుగురి ముద్రలు పడేదాకా రోజులు గడవడం నేను చూశాను; పని అయిపోయినా పై అధికారి లేచేదాకా కూర్చునేవాళ్ళనూ చూశాను. అదీ ముదానే, దాన్ని నేర్చుకోకు.

మగ్గం ముందు ఎంతసేపు నిలబడ్డావో, అక్కడ ఏం గమనించావో నాకు వివరంగా రాయి.

ఇట్లు,
మీ మామయ్య