పసిపిల్లలతో దీవిలో నెల రోజులు
పాఠకుల ప్రశ్నలకు అక్కయ్య జవాబులు

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మాది చెన్నై, అయనావరం. పాపకు నాలుగేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. మావారు ఇంటి నుంచే కంప్యూటర్‌లో ఉద్యోగం చేస్తారు. వేసవి సెలవుల్లో మే నెలంతా అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉందామంటున్నారు. అత్తగారు, మామగారు కూడా వస్తారు. మామగారికి మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటారు. ఒకేచోట ఎందుకు, రెండేసి రోజుల చొప్పున నాలుగైదు దీవులు తిరిగి రమ్మని మా మరిది సలహా. చంటిపిల్లాడితో అంత దూరమంటే నాకు గుండె దడగా ఉంది. జ్వరం వస్తే ఎవరున్నారు? వంట మాటేమిటి? వెళ్ళమంటారా, మానుకోమంటారా?

జవాబు: వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. మానుకోవలసినవి రెండే: మే నెల, మీ మరిది సలహా.

మావారి ఉద్యోగరీత్యా నా పిల్లలిద్దరి పసితనం పోర్ట్‌బ్లెయిర్‌లోనే గడిచింది. కాబట్టి మీ దడ ఎలాంటిదో నాకు తెలుసు. పేర్ల సంగతి ముందు చెబుతాను. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ 2018 చివరిలో స్వరాజ్ ద్వీప్ అయింది, దాని పొరుగున ఉన్న నీల్ దీవి శహీద్ ద్వీప్ అయింది. జనం నోట పాత పేర్లే వినిపిస్తాయి కాబట్టి నేనూ అవే రాస్తున్నాను. టికెట్లు కొనేటప్పుడు మాత్రం రెండూ గుర్తుంచుకోండి.

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు అండమాన్ సముద్రానికి వస్తాయి, మామూలుగా మే మూడో వారానికల్లా. ఇక గాలి, వాన, ఎగసిపడే కెరటాలు. పడవలు రద్దవుతాయి. మీ పాప ఎల్‌కేజీలో ఒక నెల బడికి వెళ్ళకపోతే వచ్చే నష్టమేమీ లేదు. సంక్రాంతి ఇంట్లో చేసుకుని, జనవరి చివర్లో బయలుదేరి, ఫిబ్రవరి అంతా ఉండి రండి. సముద్రం నిలకడగా ఉండే రోజులవి. తిరిగి వచ్చేసరికి బాబుకు రెండేళ్ళు నిండకపోతే విమానంలో ఒడిలో కూర్చోబెట్టుకునే టికెట్ సరిపోతుంది. విమానం దిగేటప్పుడు పాలు పట్టండి, చెవులు నొప్పెట్టవు.

ఇక దీవులు తిరగడం. పడవ ఎక్కే ప్రతిరోజూ మూటలు కట్టడం, జెట్టీలో ఎండలో నిలబడడం, దిగాక కొత్త గదిలో పిల్లవాడు నిద్రపోక ఏడవడం. ఆ రోజు ఎవరికీ మిగలదు. చిన్నపిల్లలకు దీవి అంటే రోజూ వెళ్ళే అదే ఇసుక, అదే కొబ్బరిచెట్టు, ఎదురింటి అదే కుక్కపిల్ల. రోజూ చూసినదే మళ్ళీ చూడడం వాళ్ళకు ఇష్టం. ఒకే ఇల్లు తీసుకోండి.

నీల్ దీవి చిన్నది, ప్రశాంతమైనది, కూరగాయలు బాగా పండే చోటు. మనసుకైతే నేను నీల్ అనే చెబుతాను. కానీ మీవారు ఉద్యోగం చేయాలి కదా. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,312 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు అది చేరిన దీవుల్లో హావ్‌లాక్ ఉంది. కాబట్టి హావ్‌లాకే మంచిది. అడ్వాన్సు పంపే ముందు ఇంటివారిని ఆ ఇంట్లో ఇంటర్నెట్ ఎలా ఉందో, కరెంటు పోతే ఏమి చేస్తారో అడగండి. దోమతెరలు, గ్యాస్ పొయ్యి సంగతి కూడా.

ఫొటోల్లో అందంగా కనిపించేది రాధానగర్ తీరం. సాయంత్రాలు అక్కడికి వెళ్ళండి, కానీ ఇల్లు మాత్రం తూర్పు వైపు గోవింద్‌నగర్, విజయనగర్ ఊళ్ళలో చూసుకోండి. జెట్టీ, అంగళ్ళు దగ్గర. విజయనగర్ దగ్గర నీళ్ళు లోతు తక్కువ. ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, రాళ్ళ మధ్య గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. మా అమ్మాయి అలాంటి గుంట పక్కన గొంతుక్కూర్చుని గంటసేపు కదిలేది కాదు. అరచేయంత నీటిలో గోరంత నీలి చేపలు, సముద్ర దోసకాయ అనే నల్లటి మెత్తని జీవి ఒకటి, ఖాళీ శంఖంలో కాపురముండే పీత. వేలు చూపగానే పీత లోపలికి ముడుచుకునేది. అది మళ్ళీ బయటకు వచ్చేవరకు పిల్ల ఊపిరి బిగబట్టి చూసేది. చెన్నై పిల్లలకు సముద్రం తెలుసు, కానీ మెరీనాలో నీళ్ళలోకి దిగనివ్వరు. మీ పాపకు సముద్రంతో అసలైన స్నేహం ఇక్కడే కుదురుతుంది. చచ్చిన పగడాల అంచులు కత్తిలా కోస్తాయి, అందరికీ రబ్బరు బూట్లు ఉండాలి. మామగారికి మరీ ముఖ్యం. మధుమేహం ఉన్నవారికి కాలి స్పర్శ తగ్గి, గాయమైనా తెలియదు. రోజూ రాత్రి ఆయన పాదాలు ఎవరో ఒకరు దీపం వెలుగులో చూడండి.

ఇప్పుడు ఒక మాట మీరు, మీవారు, అత్తమామలు కలిసి కూర్చుని చదవండి. పసివాడు మునిగేటప్పుడు అరవడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోతాడు. పెద్దవాళ్ళు నలుగురు ఉన్నచోట ఎవరికి వారు మరొకరు చూస్తున్నారనుకుంటారు. అందుకని నీళ్ళ దగ్గర ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి కాపలా. ఫోను సంచిలో ఉండాలి. పిల్ల చేయి చాస్తే అందే దూరంలో ఉండాలి. కాపలా మారేటప్పుడు “ఇక నువ్వు చూడు” అని నోటితో చెప్పాలి, అవతలివారు “సరే” అనాలి. మోకాలి లోతు నీళ్ళకైనా ఇదే నియమం. దీన్ని పట్టింపు అనుకోకండి.

అక్కడ ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న ఒక మూల తీరంలో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి వాత పడింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవి వాగులు సముద్రంలో కలిసే చోట, వెలుగు తగ్గాక నీళ్ళలోకి దిగనే వద్దు. జెల్లీ చేప తగిలితే మంచినీళ్ళతో కడగకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, చేత్తో తాకకుండా పోగులు తీసి, ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి.

జ్వరం గురించి అడిగారు. దీవిలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వేగంగా వెళ్ళే పడవలో సుమారు గంటన్నర ప్రయాణం, కానీ రాత్రి పడవ ఉండదు. కాబట్టి అనుమానం ఉంటే రేపటి వరకు చూద్దాం అనుకోకుండా, ఉన్న పడవకే బయలుదేరండి. పిల్లవాడు తాగనంటున్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, జ్వరంతో మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలోచించవద్దు, ముందు ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దండిగా తీసుకెళ్ళండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. వానకు తడిసిన బురదలో వట్టి కాళ్ళతో ఆడనివ్వకండి, అక్కడ ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఉంది. తిరిగి వచ్చిన కొన్ని వారాలకు జ్వరం తగిలినా అండమాన్ వెళ్ళొచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఏ పరీక్షలు రాయాలో మారిపోతుంది.

బాబుకు 16 నుంచి 24 నెలల మధ్య వేయవలసిన డీపీటీ బూస్టరు, తట్టు-రుబెల్లా రెండో డోసు, పోలియో బూస్టరు ఉంటాయి. ఇంకా వేయించకపోతే ప్రయాణానికి మూడు వారాల ముందే వేయించండి. తట్టు టీకా జ్వరం వారం, పది రోజుల తరువాత వస్తుంది. అది దీవిలో వస్తే మీకు అనవసరమైన ఆందోళన. మామగారి ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. విమానం అడుగున వేసే సామానులో గడ్డకట్టి పాడైపోవచ్చు.

వంటకు ఏమీ కొరత లేదు. చేపలు, అరటిపళ్ళు, కొబ్బరి కావలసినంత. ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చే కూరగాయలకు ధర ఎక్కువ. కందిపొడి, చింతపండు, పిల్లవాడి ఉగ్గుపొడి, ఒక చిన్న కుక్కరు తీసుకెళితే చాలు. మీ అత్తగారికి ఊసుపోదనే దిగులు వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది తెలుగువారు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో చేపల దగ్గర శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. నాకు కన్నీళ్ళు తుడిచింది, పథ్యం వండి పెట్టింది అలాంటి ఇరుగుపొరుగువారే.

అక్కడి గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందే వస్తాడు. ఫిబ్రవరిలో ఆరు కాకముందే తెల్లగా తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి. పిల్లలు కోడికూతకే లేస్తారు. దానికి తగ్గట్టే మీ రోజు నడవాలి. పొద్దున్నే తీరానికి వెళ్ళి ఎనిమిదిన్నరకల్లా ఇంటికి రండి. మధ్యాహ్నం అందరికీ నిద్ర. మూడున్నర తరువాత మళ్ళీ ఇసుకలోకి. సూర్యుడు దిగేసరికి ఇసుకలోని చిన్న ఈగలు కుడతాయి, నిండుగా బట్టలు వేసి ఇంటికి తీసుకురండి.

మీవారికి ఒక మాట. అబ్బాయీ, నువ్వు కంప్యూటర్ ముందు, అమ్మానాన్నలు వరండాలో, నీ భార్య పొయ్యి దగ్గర ఉంటే ఆమెకు అది మరో అయనావరమే. పొద్దుటి తీరం పూట పిల్లలిద్దరూ నీకూ మీ నాన్నగారికీ. ఆ రెండు గంటలు ఆమె నిద్రపోతుందో, ఒంటరిగా నడుస్తుందో ఎవరూ అడగకండి. వారంలో మూడు పూటలు భోజనం బయటి నుంచి తెప్పించు. ఇవి బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి, అక్కడికి వెళ్ళాక కుదరవు.

తిరుగు విమానానికి కనీసం ఒక రోజు ముందే పోర్ట్‌బ్లెయిర్‌కు వచ్చేయండి. పడవ రద్దయితే విమానం ఆగదు.

ప్రశ్న: మేము బెంగళూరు, మారతహళ్ళిలో ఉంటాం. మా ఆరేళ్ళ బాబుకు ఓడలంటే ప్రాణం. చెన్నై నుంచి అండమాన్‌కు ఓడలో తీసుకెళ్ళవచ్చా?

జవాబు: తీసుకెళ్ళండి, అయితే ఒకవైపే. ప్రయాణం సుమారు మూడు రోజులు. ఓడ తేదీలు చాలా ముందుగా ప్రకటించరు కాబట్టి తిరుగు ప్రయాణం విమానంలో పెట్టుకుంటే సెలవు లెక్క తప్పదు. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు పిల్లలకే ఓడ వికారం ఎక్కువ. పుస్తకం, ఫోను చూడనివ్వకండి. ఓడ మధ్యభాగంలో, గాలి తగిలేచోట నిలబెట్టి ఆకాశం, నీరు కలిసే గీతను చూడమనండి. కడుపు ఖాళీగా ఉంచకుండా బిస్కట్లు, అటుకులు కొద్దికొద్దిగా పెట్టండి. వికారం మందు పిల్లల డాక్టరును అడిగే ఇవ్వండి. మెట్ల దగ్గర, కటకటాల దగ్గర చేయి వదలకండి. సముద్రం నిలకడగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలే ఎంచుకోండి.

ప్రశ్న: మా పిల్లలు తీరంలో ఏరిన పగడపు ముక్కలు, గవ్వలు తెచ్చుకోవచ్చా? (పెరంబూరు, చెన్నై)

జవాబు: వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క తెచ్చినా నేరమే. విమానాశ్రయంలో సామాను చూస్తారు, పిల్లల ముందు సంచి విప్పించుకోవడం బాగుండదు. ఏరినవన్నీ ఇసుకలో వరుసగా పేర్చి, బొమ్మ గీసుకుని, ఇంటికి బయలుదేరే ముందు అక్కడే వదిలేయమనండి. కావాలనిపిస్తే అనుమతి ఉన్న దుకాణంలో శంఖం కొని, రసీదు దాచుకోండి.