కత్తికి 'కె' ఎందుకు?

ప్రశ్న: మా మనవడు 'నైఫ్' స్పెల్లింగులో మొదటి కె రాయలేదని స్కూల్లో మార్కు కోసేశారు. "పలకని అక్షరం ఎందుకు తాతయ్యా?" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తాతయ్య, తెనాలి

జవాబు: తప్పు మీవాడిది కాదండీ. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను, ఏటా ఎవడో ఒకడు ఇదే అడిగేవాడు. ఒకప్పుడు ఆ కె నిజంగానే పలికేది. కత్తిని 'క్నీఫ్' అనేవాళ్లు. యోధుణ్ణి చెప్పే 'నైట్'లో కె, జిహెచ్ రెండూ వినిపించేవి, సుమారుగా 'క్నిఖ్ట్' అని.

1476లో విలియం కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ తర్వాత స్పెల్లింగులు నెమ్మదిగా స్థిరపడ్డాయి. జనం నోరు మాత్రం ఆగలేదు. 'ఈ' కాస్తా 'ఐ' అయింది. 17వ శతాబ్దం దాటేసరికి కె దాదాపు జారిపోయింది. కాగితం మీదే మిగిలింది.

నాకు అసలు కోపం అప్పు అనే 'డెట్' మీద. అందులో బి ఇంగ్లిష్‌లో ఎన్నడూ పలకలేదు. ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది. లాటిన్ 'డెబిటుమ్' గుర్తుకు రావాలని పండితులు దూర్చారు!

నవ్వకండి, మనమూ 'చిహ్నం' అని రాసి 'చిన్హం' అంటున్నాం కదా.

ఇదంతా మీవాడికి కథలా చెప్పండి. పరీక్షలో మాత్రం కె రాయమనండి.