పప్పు మానేసి రస్కులు తింటే నొప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు, బరువు 72 కిలోలు. రెండేళ్లుగా మోకాళ్లు, తొడలు, భుజాలు నొప్పులంటోంది. వాతం చేస్తుందని ఎవరో చెబితే పప్పు, వంకాయ, గుడ్డు మానేసింది. మధ్యాహ్నం చారన్నం, పెరుగన్నం, సాయంత్రం టీలోకి రస్కులో మిక్చరో తింటుంది. బీపీకి, కొలెస్ట్రాల్‌కి మాత్రలు వాడుతోంది. తిండి మారిస్తే నొప్పులు తగ్గుతాయా? పసుపు క్యాప్సూల్స్ వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మగారు మానేయాల్సినవి ఉంచుకుని, తినాల్సినవి మానేశారండీ. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో సగం మంది ఇదే చేస్తారు.

వంకాయ వల్ల కీళ్లనొప్పులు వస్తాయనడానికి ఆధారం లేదు. పప్పు సంగతీ అంతే. తింటే గ్యాస్ పడుతుందంటారా, అది వేరే మాట, పెసరపప్పుతో మొదలుపెట్టమనండి. అరవై దాటాక కండ దానంతటదే తగ్గుతూ వస్తుంది, దానికి తోడు మాంసకృత్తులు లేని చారన్నంతో సరిపెడితే తొడ కండరాలు ఇంకా నీరసపడి ఆ బరువంతా మోకాలి మీదే పడుతుంది. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది, గిన్నెడు పప్పులో ఇంకాస్త ఎక్కువే. చారులో ఏముంటుంది చెప్పండి!

ఇక మైదా, చక్కెర, మళ్లీ మళ్లీ కాచిన నూనెలో వేయించినవి రోజూ తింటుంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, లోలోపల రగులుతూనే ఉంటుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా దాన్ని ఎగదోస్తుంది. అందుకే ముందు ఆ రస్కులు, మిక్చరు ఆపించండి, బదులు గుప్పెడు వేరుశనగలో ఉడికించిన శనగలో పెట్టండి. వారానికి రెండుసార్లు కానాగంతలు, కవళ్ల లాంటి చేపలు పులుసు పెట్టండి, వేపుడు వద్దు. బరువు ఒక్క కిలో తగ్గినా అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టే.

అరిగిపోయిన గుజ్జు మాత్రం తిండితో తిరిగి రాదు, ఎవరైనా వస్తుందని చెబితే నమ్మకండి. నొప్పి కొంత తగ్గుతుంది, అదీ రెండు మూడు నెలలు ఓపిక పడితే.

పసుపు క్యాప్సూల్స్ నేనైతే రాయను. కూరలో వేసే చిటికెడు పసుపుకీ వాటికీ పోలిక లేదు, వాటిలో మోతాదు చాలా ఎక్కువ, కొందరికి లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలైతే ఇంకా ప్రమాదం, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు పాడవుతాయి.

ఒక అనుమానం. నొప్పి కీళ్లలోనే కాదు, కండల్లో కూడా ఉందంటున్నారు కదా. కొలెస్ట్రాల్ మాత్ర వల్ల కూడా కొందరికి అలా ఉంటుంది. మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి చెప్పండి. థైరాయిడ్, విటమిన్ డి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందో లేదో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. పొద్దున లేచాక భుజాలు, తుంటి ముప్పావుగంటకు పైగా బిగుసుకుపోతున్నాయా అని అమ్మగారిని అడగండి. అవునంటే ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం డాక్టర్‌కి, చూపించండి. దానికి తోడు కొత్తగా తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.