గోదారి ఒడ్డున గోదాము కడతానంటున్న బిడ్డకు

బిడ్డా,

మంచిర్యాలలో గోదారి ఒడ్డున భూమి చూశావనీ, గోదాము కట్టి లారీలు తిప్పుతావనీ మీ బాపు రాత్రి ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇప్పటిదాకా అందరం ఎవరో ఒకరి గోదాముల్లో లెక్కలు రాసినవాళ్లమే. ఇక నీ పేరు మీద షెడ్డు లేస్తుందంటే నాకెంత సంబరమో. కానీ ఒడ్డున అనేసరికి గుండె జారింది, రాత్రంతా నిద్ర లేదు.

కాగితాల సంగతి నీకు తెలుసు. గోదాములను నమోదు చేసే కేంద్ర సంస్థ డబ్ల్యూడీఆర్ఏ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకో, నువ్విచ్చే రసీదు మీద రైతుకు బ్యాంకు అప్పు పుడుతుంది. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు గానీ నెలల తరబడి దాచాలంటే 14కు దిగాల్సిందే, మొహమాటపడకు. ధర్మకాంట దగ్గర నమ్మకమైన మనిషిని పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నేను గుమస్తాగా చేరిన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి ఏటూరునాగారం వైపు ఒడ్డు మీద తునికాకు గోదాము ఉండేది. చవకగా వచ్చిందని సేటు ఆ జాగా కొన్నాడు. ఏటి వైపు నిలువెత్తు రాతి గోడ కట్టించి, లారీలు ఆనే షట్టర్లు వెనక, వాగు వైపు పెట్టించాడు. ఎండాకాలంలో కోసిన ఆకు కల్లాల్లో ఎండి, కట్టకు 50 ఆకుల లెక్కన వెయ్యి కట్టల బస్తాలై వానల నాటికి గోదాము నిండిపోయేది. 1986 ఆగస్టు వరద వచ్చింది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు, ఆ ఏడు 75.6కు చేరింది. మేమంతా గోడ మీద సున్నంతో గీతలు గీసి గంటగంటకూ గోదారినే చూస్తున్నాం. గోడకు సగం కూడా రాకముందే వాగు ఎగదన్ని వెనక షట్టర్ల కింద నుంచి లోపలికి వచ్చేసింది.

నీళ్లు తీశాక అడుగు వరసలే పోయాయి, పైవి దక్కాయని సేటు ఊపిరి పీల్చుకున్నాడు. కొన్ని రోజులకు పై వరస బస్తాలో చెయ్యి పెడితే లోపల కాలిపోయే వేడి. ఆ తేమకు ఆకంతా నల్లబడి బూజు పట్టింది, బీడీ చుట్టబోతే చినిగిపోతోంది. అదేమో ఆయన సరుకు కాదు, నమ్మి దాచమన్నవాళ్లది. ఇన్సూరెన్స్ షెడ్డుకే ఉంది. లారీలు ఒక్కొక్కటే అమ్మి అందరికీ కట్టాడు, మహానుభావుడు. హమాలీలు పని వెతుక్కుంటూ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చారు, వాళ్ల పిల్లల చదువులు అక్కడితో ఆగిపోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నీ పాలసీలో వరద ఉందా, ఇతరుల సరుకు ఉందా, రెండూ నువ్వే చదువు, ఏజెంటు మాట నమ్మకు.

పాతకాలం వాళ్లు ఒడ్డునే కట్టారుగా అంటావేమో. అప్పుడు సరుకు పడవల్లో వచ్చేది తల్లీ. నాగపూర్ వైపు పత్తిని ప్రాణహిత, గోదారి మీదుగా సముద్రానికి దించాలన్నది కాటన్ దొర ఆలోచన, దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు దానికోసం కట్టినవే. బొంబాయి రైలు 1867లో నాగపూర్ చేరింది, 1871లో నది పనులు ఆపేశారు. ఇప్పుడు నీ సరుకు కాజీపేట–బల్లార్షా లైన్ మీదో, లారీ మీదో వస్తుంది. చవక తప్ప ఆ ఒడ్డుతో నీకేం పని చెప్పు? అంత చదువుకున్నావు, 2022 జులై మర్చిపోయావా? మీ మంచిర్యాలలోనే రాళ్లవాగు ఎగదన్ని కాలనీలు మునిగాయి, గోదారి దగ్గరి మాతా శిశు ఆస్పత్రి నుంచి పసిపిల్లల్ని ఎత్తుకుని తరలించారు. పైనున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఆ నీళ్లు నీ పక్క నుంచే పోవాలి.

కోప్పడ్డానని బాధపడకు. నువ్వు ఈ పని చేయగలవు, నాకు అనుమానం లేదు. రైల్వే లైను వైపు, మెరక మీద అర ఎకరమైనా చూడు. డబ్బు తక్కువపడితే నా దగ్గర కొంత ఉంది.

ఇంకోటి, పురుగుకు సెల్ఫాస్ మాత్రలు పెట్టిన రోజు గోదాములో గానీ ఆనుకుని ఉన్న గదిలో గానీ ఎవర్నీ పడుకోనివ్వకు, వాచ్‌మన్‌ను కూడా. ఆ మాత్రల నుంచి వచ్చే గ్యాస్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బయానా ఇచ్చావా? ఇవ్వకపోతే ఆగు, ఆదివారం పొద్దున బండికి నేనొస్తున్నా. ముందు వాగులో వలలు వేసేవాళ్ల దగ్గరికి పోయి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడుగుదాం, భూమి అమ్మేవాడితో తర్వాత మాట్లాడొచ్చు.

మీ పెద్దబాపు, హన్మకొండ