అలారం ప్యానెల్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలపడం ఎలా?
పలాసలో జీడిపప్పు గోడౌన్‌కి పెట్టిన దొంగల అలారం ప్యానెల్ కదా మీరడిగింది, ముందు మూత తీసి బోర్డు మీద లాన్ సాకెట్ (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) ఉందో లేదో చూడండి (మూత తియ్యగానే సైరన్ మోగొచ్చు, కంగారు పడకండి), లేకపోతే ఆ మోడల్‌కి సరిపోయే ఐపీ మాడ్యూల్ (ప్యానెల్‌ని నెట్‌వర్క్‌కి కలిపే చిన్న బోర్డు) కొనాలి, బిగించేముందు కరెంటూ బ్యాటరీ రెండూ తీసెయ్యండి. ప్యానెల్ నుంచి నెట్‌వర్క్ స్విచ్ (ఆఫీసు నెట్ కేబుళ్లు కలిసే పెట్టె) దాకా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగండి, 100 మీటర్లు దాటకుండా. రూటర్లో ప్యానెల్‌కి ఒకటే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) రిజర్వ్ చేసెయ్యండి, లేదంటే అది మారిపోయినప్పుడు కంప్యూటర్లో ప్యానెల్ కనపడదు, అందరూ ఊరికే కేబుల్ని తిట్టుకుంటారు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా ప్యానెల్‌కి దారి తెరవడం) మాత్రం వద్దు, ఇన్‌స్టాలర్ కోడ్ (ప్యానెల్ సెట్టింగుల్లోకి వెళ్లే నంబరు) కూడా మార్చండి. ప్యానెల్లో బ్యాటరీ ఉంటాది గానీ రూటర్‌కి ఏటుంటాది, దానికీ స్విచ్‌కీ యూపీఎస్ పెట్టండి, 2018 తిత్లీ తుఫానప్పుడు మనకి రోజుల తరబడి కరెంటు లేదు కదా.