పొద్దెక్కేదాకా పడుకునే మా నానికి

చిరంజీవి నానికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ మధ్య మొదటి పీరియడ్‌కి నువ్వు సరిగా వెళ్ళడం లేదని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కుంభకర్ణుడని తిట్టే పని వాడే పూర్తి చేశాడట కాబట్టి నాకు ఆ శ్రమ తప్పింది. హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైనవాణ్ణి, పొద్దున్నే తలుపులు బాదడం నాకు కొత్తేమీ కాదు. తలుపు బాదితే ఆ ఒక్క రోజు క్లాసు దక్కుతుంది, అంతే. మర్నాటి సంగతి మళ్ళీ మామూలే.

ముందు నీ తరఫున ఒక మాట చెప్పాలి. నీ వయసువాళ్ళలో నిద్ర పుట్టించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదింటికి నాకు కళ్ళు మూతలు పడుతుంటే నీకు అప్పుడే హుషారొస్తుంది. ఇది బద్ధకం కాదు, మీ నాన్నకి కూడా చెప్పాను. అయితే ఒంట్లోని గడియారానికి ఒక రోజంటే సగటున 24 గంటల మీద సుమారు పది నిమిషాలు. పొద్దుటి వెలుతురు కంట్లో పడినప్పుడే ఆ తేడా సర్దుకుంటుంది. నువ్వేమో కర్టెన్లు బిగించుకుని బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటావు. దాంతో గడియారం ఇంకాస్త వెనకబడుతుంది, ఆ రాత్రి నిద్ర ఇంకా ఆలస్యమవుతుంది. పొద్దున లేవలేకపోవడానికి మూలం అంతకు ముందు పొద్దుటే ఉందన్నమాట.

ఒక్క గంట పోతే ఏం పోతుందిలే అంటావేమో. ల్యాబ్ సంగతే తీసుకో. పరికరం ఎలా బిగించాలో, ఎక్కడ రీడింగ్ తప్పొస్తుందో మేడమ్ మొదటి పావుగంటలోనే చెప్పేస్తారు. నువ్వు తల కూడా దువ్వుకోకుండా ఆ తర్వాత వెళ్తావు. అప్పటికే నీ పార్ట్‌నర్ కనెక్షన్లు ఇచ్చేసి ఉంటాడు. వాడి నోట్‌బుక్కులోంచి అంకెలు ఎక్కించుకుంటావు, గ్రాఫ్ గీస్తావు, రికార్డు మీద సంతకం కూడా పడుతుంది. అంతా అయిపోయినట్టే ఉంటుంది. వైవాలో ‘ఈ తీగ తీసేస్తే ఏమవుతుంది?’ అని అడిగినప్పుడు మాత్రం నేల చూపులు.

నాకు అసలు భయం వేసేది క్లాసు పోవడం గురించి కాదు, ఆ తర్వాత జరిగేదాని గురించి. ఒక రోజు ఎగ్గొడితే మర్నాడు ‘నిన్నటిది వినలేదు, ఇవాళ్టిది ఏం అర్థమవుతుంది’ అనిపిస్తుంది. ఇంకో రోజు పోతే సార్ ఎదురుపడతారేమోనని కారిడార్ మార్చి తిరగడం మొదలవుతుంది. ఆపైన ఎనిమిదింటికి మెలకువ వచ్చినా దుప్పటి తియ్యబుద్ధి కాదు. ఇది నిద్ర కాదురా, మొహం చాటెయ్యడం. మా హాస్టల్లో పేపర్లు మిగిల్చుకున్న పిల్లల్లో తెలివి తక్కువవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు, ఇలా జారిపోయినవాళ్ళే ఎక్కువ. అందుకే ఎంత ఆలస్యమైనా సరే, క్లాసుకి వెళ్ళు. సగం అయిపోయినా వెళ్ళు. నలుగురూ తల తిప్పి చూస్తారు, సార్ ఓ మాట అంటారు. అనిపించుకుని వెనక బెంచీలో కూర్చో.

ఇక అలారం. ఫోన్ దిండు కింద పెట్టుకోవడం మానెయ్. గాఢనిద్రలోంచి లేచిన బుర్ర తేరుకోవడానికి పావుగంటో అరగంటో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ మత్తులో వేలు దానంతటదే అలారం ఆపేస్తుంది, తర్వాత గుర్తు కూడా ఉండదు. ‘అలారం మోగనే లేదు సార్’ అని నాతో ఒట్టేసి చెప్పిన పిల్లలందరూ అబద్ధమాడారని నేను అనుకోను. ఫోన్‌ని మంచం మీంచి చెయ్యి అందనంత దూరంలో, తలుపు దగ్గర పెట్టు. ఆపడానికి లేచావంటే మళ్ళీ మంచం వైపు చూడకుండా కర్టెన్ లాగెయ్, బయటికి నడువు. ఐదైదు నిమిషాల తేడాతో ఆరు అలారాలు పెట్టుకోవద్దు, రూమ్మేట్ శాపనార్థాలు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రాత్రి పదింటికే పడుకోమని చెప్పను. నిద్ర రాకుండా పడుకుంటే చేతిలోకి ఫోనే వస్తుంది. పడుకునే వేళ కాదు, లేచే వేళ స్థిరం చేసుకో. ఏడంటే ఏడు, ఆదివారం కూడా. నీకు ఇదే కష్టం, తెలుసు. వారమంతా ఐదు గంటలు పడుకుని సెలవు రోజు మధ్యాహ్నం దాకా లాగిస్తే, దేశం దాటి విమానంలో వెళ్ళొచ్చినంత తేడా ఒంటికి తెలుస్తుంది. పరిశోధకులు 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు కూడా పెట్టారు. సోమవారం పొద్దుటి క్లాసు ఎందుకంత భారంగా ఉంటుందో అర్థమైందా? మరీ అలసిపోతే ఆదివారం ఒక గంట ఎక్కువ పడుకో, అంతకు మించొద్దు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు చాలు, సాయంత్రం పూట వద్దు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, చూసుకో.

మొదటి వారం చిరాగ్గా ఉంటుంది, పట్టించుకోకు. నీ వయసుకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. అది తగ్గించుకుని చదవమని ఎవరు చెప్పినా వినకు, నేను చెప్పినా సరే. రోజూ తొమ్మిది గంటలు దాటి పడుకుంటున్నా పగలంతా మగతగానే ఉంటే, గురక ఎక్కువగా ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే అలారాలతో కుస్తీ పట్టొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళు. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ లాంటివి ఉన్నా ఇలాగే ఉంటుంది. వాటికి మందులున్నాయి. సిగ్గుపడి దాచిపెట్టకు, మీ నాన్నతో చెప్పలేకపోతే నాతో చెప్పు.

పోయిన ల్యాబ్‌లు మళ్ళీ చేయనిస్తారేమో రేపే వెళ్ళి మేడమ్‌ని అడుగు. పరీక్షలు దగ్గరపడ్డాక అందరూ వాళ్ళ చుట్టూ తిరుగుతుంటారు, అప్పుడు ఖాళీ దొరకదు.

ఇట్లు,
మీ పెదనాన్న